కుట్టు నేర్చుకోవాలంటే కొత్త గుడ్డ కొనకండి, చిరిగినవి బయటికి తియ్యండి

మీ ప్రశ్న చదివానమ్మా. కావలిలో మీ అత్తగారింట్లో పాత నల్ల కాలు మిషన్ మూలన ఉంది. టైలరింగ్ క్లాసులో చేరి జాకెట్టు కటింగ్ దగ్గర మానేశారు. తిన్నగా ఒక కుట్టు వేయడం వచ్చు. ఇంట్లో చిరిగిన బట్టలు బాగుచేస్తూ, సంచులూ బొంతలూ సొంతంగా చేసుకుంటూ పని నేర్చుకోవచ్చా, ఏది ముందు ఏది తర్వాత, జిగ్‌జాగ్ (వంకర కుట్టు వేసే) మిషన్ కొనాలా, చెయ్యి తిరిగాక ఇరుగుపొరుగు బట్టలు తీసుకోవచ్చా అని అడిగారు.

నిక్షేపంగా నేర్చుకోవచ్చు. నెల్లూరులో నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లల్ని చూసి చెప్తున్నాను, పాత బట్టలతో మొదలుపెట్టినవాళ్లకే చెయ్యి త్వరగా తిరిగింది. చాలాచోట్ల జాకెట్టుతో మొదలుపెట్టిస్తారు. కొత్తవాళ్లకి జాకెట్టంత కష్టమైన పని ఇంకోటి లేదు. చంక వంపు, డాట్లు, చేతులు ఎక్కించడం, హుక్కుల పట్టీ, లైనింగు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పైగా ఒంటికి అతికినట్టు రావాలి. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే పాడైపోతుందేమోనని భయం.

చిరిగిన బట్టతో ఆ బాధ లేదు. కటింగ్ ఎవరో ఎప్పుడో చేసేశారు. కొలత సరిపోయింది కాబట్టే చిరిగేదాకా వేసుకున్నారు. మీరు వెయ్యాల్సింది ఒక్క కుట్టు, మనసంతా దాని మీదే పెట్టొచ్చు. ఇంకో పెద్ద లాభం, బట్ట ఎక్కడ బరువు పడి తెగుతుందో కళ్లారా చూస్తారు. చంక కింద, ఫ్యాంటు సీటు దగ్గర, జేబు మూలల్లో, సంచి కాడ మొదట్లో. రేపు కొత్తది కుట్టేటప్పుడు ఆ చోట్ల ఎవరూ చెప్పకుండానే డబల్ కుట్టు వేస్తారు. కొత్త గుడ్డతో నేర్చుకున్నవాళ్లకి ఈ తెలివి రావడానికి చాలా కాలం పడుతుంది.

ముందు మిషన్ సంగతి చూద్దాం. ఏళ్ల తరబడి వాడని కాలు మిషన్‌కి మామూలుగా పెద్ద రోగాలేమీ ఉండవు. పాత నూనె జిగురుగా గడ్డకట్టి ఉంటుంది, గుడ్డని నడిపే కింది పళ్ల సందుల్లో పీచు పేరుకుని ఉంటుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, దానికి తోడు సముద్రపు గాలి. ఆ చెమ్మకి సూదీ, కింది దారం ఉండే బాబిన్ కేసూ తుప్పు పడతాయి. సూది దిగే ప్లేటు స్క్రూలు విప్పి, పళ్ల మధ్య పీచంతా పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. తర్వాత నూనె రంధ్రాలన్నిట్లో మిషన్ నూనె చుక్కలు వేసి, దారం ఎక్కించకుండా, గుడ్డని నొక్కే మిషన్ పాదం పైకెత్తి కాసేపు తొక్కండి. నల్లటి మడ్డి బయటికి వస్తుంది. తుడిచి, మళ్లీ వేసి, మళ్లీ తొక్కండి. కొబ్బరి నూనె మాత్రం వెయ్యొద్దు. అది ఎండితే జిగురైపోయి మిషన్ బిగుసుకుపోతుంది. పని అయిపోయాక ఒక పాత గుడ్డ ముక్క పాదం కింద పెట్టి పాదం దించి ఉంచితే కారిన నూనె అది పీల్చుకుంటుంది, మర్నాడు కుట్టే బట్టకి మరక పడదు.

తోలు బెల్టు వదులైతే తొక్కుడు జారుతుంది, చక్రం తిరగదు. అంగుళంలో సగమో పావో కోసి, మళ్లీ క్లిప్పు వేస్తే చాలు. ఇంతవరకూ మెకానిక్ అక్కర్లేదు. ఇదంతా చేశాక కూడా చక్రం బరువుగా తిరుగుతున్నా, లోపల టకటకమని శబ్దం వస్తున్నా అప్పుడు పిలిపించండి.

సూది కొత్తది వెయ్యండి, ఇప్పుడున్నది చూడ్డానికి బాగానే ఉన్నా సరే. మామూలు కాటన్‌కి 14 నంబరు, జీన్సుకి 16, పల్చటి చీరలకి 11. సూదికి ఒకవైపు పైనుంచి కిందిదాకా పొడుగాటి గాడి ఉంటుంది, గోటితో తడిమితే తెలుస్తుంది. ఏ మిషన్ అయినా దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే సూదిలోకి ఎక్కాలి. సూది తిరగబడితే కుట్టు జారిపోతుంది, లేదంటే అసలు పడదు. పాత మిషన్ పాడైపోయిందని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో చాలామందికి అవసరమైంది సూది సరిగా బిగించడమే.

దారం ఎక్కించేటప్పుడు పాదం పైకెత్తి ఉంచాలి. అప్పుడే పై దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు విడివడి దారం వాటి మధ్యలోకి దిగుతుంది. పాదం కిందికి దించి ఎక్కిస్తే దారం బిళ్లల పైపైనే ఉండిపోయి, కుట్టేటప్పుడు గుడ్డ కింద పిచ్చిపిచ్చిగా ఉచ్చులు పడతాయి. కింద ఉచ్చులు కనిపించగానే అందరూ బాబిన్ కేసు స్క్రూ తిప్పేస్తారు. తప్పు పైన ఉంటుంది, మందు కింద వేస్తారు. ఇది ఒక్కసారి చేత్తో చేసి చూస్తే ఎప్పటికీ మర్చిపోరు: పైన ఎర్ర దారం, కింద నల్ల దారం పెట్టి, రెండు పొరల తెల్ల గుడ్డ మీద కుట్టండి. పైన నల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ మరీ బిగుతుగా ఉంది. కింద ఎర్ర ఉచ్చులుంటే పై టెన్షన్ వదులుగా ఉంది, లేదా దారం సరిగా ఎక్కలేదు. రెండు దారాల ముడి రెండు పొరల మధ్యలో దాక్కుని, పైన ఎరుపే, కింద నలుపే కనిపించాలి. పై టెన్షన్ నాబ్ కొంచెం కొంచెం తిప్పుతూ పక్కపక్కనే వరసలు కుట్టి, ఏది ఎంత తిప్పినప్పుడు పడిందో ఆ గుడ్డ మీదే పెన్నుతో రాసి దాచుకోండి.

బాబిన్ కేసు సరిగా ఉందో లేదో కూడా చూడండి. బాబిన్ వేసి, దారం కొస పట్టుకుని కేసుని గాల్లో వేలాడదీయండి. దానంతటది జర్రున కిందికి జారిపోతే వదులు. చేత్తో చిన్న కుదుపు ఇచ్చినప్పుడు కొద్దిగా దిగి ఆగిపోతే సరిగా ఉన్నట్టు. కుదిపినా కదలకపోతే బిగుతు. వదులుగానో బిగుతుగానో ఉంటేనే దాని మీది చిన్న స్క్రూ ముట్టుకోండి, అదీ వెంట్రుకవాసి తిప్పండి.

కాలు మిషన్‌తో కొత్తవాళ్లకి వచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. చక్రం ఒక్కోసారి వెనక్కి తిరిగిపోయి దారం చిక్కుపడుతుంది. ప్రతిసారీ చక్రాన్ని కుడిచేత్తో మీ వైపుకి తిప్పి, ఆ ఊపులో కాలు కలపండి. చక్రం మధ్యలో ఉన్న పెద్ద స్క్రూ వదులు చేస్తే సూది ఆడకుండా చక్రం ఒక్కటే తిరుగుతుంది. అలా పెట్టుకుని, నెమ్మదిగా తొక్కడం, సరిగ్గా అనుకున్నప్పుడు ఆపడం సాధన చెయ్యండి. నెమ్మదిగా తొక్కడమే కష్టం. వేగంగా ఎవరైనా తొక్కుతారు.

మిషన్ సిద్ధమయ్యాక నేను మొదట నేర్పేది కుట్టడం కాదు, విప్పడం. పారేద్దామనుకున్న పాత చొక్కా ఒకటి తీసుకుని, కుట్లు విప్పే రిప్పర్‌తో పూర్తిగా విప్పేయండి. ప్రతి మూడు నాలుగు కుట్లకి ఒకటి కోసుకుంటూ వెళ్లి, రెండోవైపు దారం లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. గుడ్డని రెండు వైపులా పట్టుకుని చించినట్టు లాగొద్దు. విప్పుతున్నప్పుడు ఏ ముక్క దేని కింద ఉందో, ఏ కుట్టు ముందు పడిందో, ఏది తర్వాత పడిందో కనిపిస్తుంది. ఫ్యాక్టరీ చొక్కా పక్క కుట్టు ఎలా మడిచి లోపలి పోగులు బయటపడకుండా మూసేశారో అప్పుడే అర్థమవుతుంది. మీరు క్లాసులో మధ్యలో వదిలేసిన పాఠం సగం ఆ చొక్కాలోనే ఉంది.

తర్వాత తిన్నటి కుట్లతో అయిపోయే పనులు. పక్క ఊడిన దిండు గలీబులు, లుంగీ కొసలు కలపడం, నైటీ అడుగు మడత, లంగా బొందు దూర్చే పట్టీ ఊడితే మళ్లీ వేయడం, జాకెట్టు పక్కల లోపల ఉన్న గుడ్డ వదిలి కాస్త వదులు చేయడం. వీటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఎన్ని దొరికితే అన్ని కుట్టెయ్యండి. కాటన్‌కి అంగుళానికి పది పన్నెండు కుట్లు పడేట్టు పెట్టుకోండి. మొదట్లో, చివర్లో రెండు మూడు కుట్లు వెనక్కి వెళ్లి రావాలి. సూది వైపు చూడకుండా పాదం పక్క అంచు వైపు చూస్తూ కుట్టండి, గీత తిన్నగా వస్తుంది.

చీర ఫాల్ కూడా ఇందులోనే వస్తుంది, కానీ ఫాల్‌ని కుట్టే ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యాలి. కాటన్ ఫాల్ ఉతికితే కుదించుకుపోతుంది. ఉతక్కుండా కుడితే మొదటి ఉతుకుతోనే చీర అడుగంతా కుచ్చులు పడినట్టు ముడుచుకుంటుంది. ఎంత చక్కగా కుట్టినా అప్పుడు మాట పడేది మీరే.

ఇక మాసిక. దీన్ని చిన్నచూపు చూడకండి, మూల తిప్పడం నేర్పేది ఇదే. ముళ్లకంపకో మేకుకో తగులుకుని బట్ట ఎల్ ఆకారంలో చిరిగిందనుకోండి. అంతే మందం ఉన్న, అప్పటికే ఉతికి ఉన్న పాత గుడ్డ తీసుకోండి. కొత్త గుడ్డ మాసిక వేస్తే ఉతికాక అది కుంచించుకుని చుట్టూ ఉన్న పాత గుడ్డని చింపుతుంది. చిరుగు కంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉండేలా కోసి, నాలుగు పక్కలా పావు అంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చెయ్యండి. మాసికలోని పడుగు (నిలువు) పోగులు బట్టలోని పడుగు పోగుల దారిలోనే ఉండాలి, అడ్డదిడ్డంగా పెడితే అది లాగుతుంది. గుండుసూదులు గుచ్చి అంచు వెంబడి కుడుతూ మూల దగ్గరికి రాగానే ఆగి, సూదిని గుడ్డలోకి దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డని తిప్పి, పాదం దించి మళ్లీ మొదలుపెట్టండి. సూది పైకి లేచి ఉన్నప్పుడు తిప్పితే మూల తప్పుతుంది. నాలుగు మూలలూ పదునుగా వచ్చాక తిరగేసి, చిరుగు అంచులు కత్తిరించి, లోపలికి మడిచి ఇంకో చుట్టు కుట్టండి. ఈ మూల తిప్పడం వస్తే జేబు కుట్టడం వచ్చినట్టే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన రిపేరు చొక్కా కాలర్ తిరగేయడం. ఈ కాలంలో దాదాపు ఎవరూ చెయ్యడం లేదు. మగవాళ్ల చొక్కా మెడ వెనక, కాలర్ మడత మీద అరిగి పోగులు లేస్తుంది, మిగతా చొక్కా శుభ్రంగా ఉంటుంది. కాలర్‌లో రెండు భాగాలుంటాయి, మెడ చుట్టూ నిలబడే పట్టీ, దాని పైనుంచి బయటికి వాలే రెక్క. రెక్క అడుగు అంచు పట్టీ పై అంచులో రెండు పొరల మధ్య దూరి ఉంటుంది. విప్పే ముందు రెక్క మధ్యలో, పట్టీ మధ్యలో చాక్‌తో గీత పెట్టుకోండి. రెండు కొసలు ఎక్కడ మొదలవుతున్నాయో అక్కడ కూడా గుర్తు పెట్టండి. పట్టీ పై అంచు కుట్టు మాత్రం విప్పండి. చొక్కాకి కలిపిన కింది కుట్టు జోలికి పోవద్దు. రెక్క ఊడి చేతికొస్తుంది. లోపల ఇరుక్కున్న దారం ముక్కలు, మురికి బ్రష్‌తో తీసి, రెక్కని తిరగేసి ఇస్త్రీ చెయ్యండి. అరిగిన వైపు ఇప్పుడు కిందికి పోయింది. మధ్య గీతకి మధ్య గీత కలిపి, మళ్లీ పట్టీలోకి దూర్చి, చేత్తో కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే వదులు కుట్టు) వేసుకుని, పాత రంధ్రాల దారిలోనే మిషన్ కుట్టు వెయ్యండి. అరగంటలో ఆ చొక్కాకి ఇంకో రెండేళ్ల ఆయుష్షు వస్తుంది. మొదలుపెట్టే ముందు రెక్క అడుగున చూసుకోండి. ప్లాస్టిక్ పుల్లలు దూర్చే సందులు గానీ, కొసల్లో కాజాలు గానీ ఉంటే తిరగేశాక అవి పైకి కనిపిస్తాయి, అలాంటివి తిరగేయడానికి పనికిరావు. ఇది చేసిన పిల్లకి జాకెట్టు మెడ పట్టీ ఎక్కించడం ఏమంత బరువనిపించదు. రెండు పొరల మధ్య ఇంకో పొర దూర్చి, కొలత తప్పకుండా, ఒకే గీతలో మూసేయడం అక్కడా అంతే.

పొలం పనికి, కందుకూరు, టంగుటూరు వైపు పొగాకు పనికి వెళ్లే ఆడవాళ్లు చీర మీద వేసుకునే మగవాళ్ల చొక్కాలు ఉంటాయి చూడండి, అవి మోచేతుల దగ్గరా చంకల్లో పోతాయి. మీ చుట్టుపక్కల అలాంటివి దొరికితే తీసుకుని బాగుచేసి ఇవ్వండి. వాళ్లకి ఉపకారం, మీకు సాధన. పొగాకు జిగురు పట్టిన బట్టని బాగా ఉతక్కుండా మాత్రం మిషన్ మీద పెట్టొద్దు, జిగురు సూదికి పట్టి దారం తెగుతుంది.

జీన్సు పొట్టి చేసేటప్పుడు పక్క కుట్టు దగ్గర నాలుగైదు మడతలు కలిసి గుట్టలా లేస్తుంది. పాదం ఆ గుట్ట ఎక్కేటప్పుడు వెనక్కి వాలుతుంది, కుట్టు జారుతుంది, సూది విరుగుతుంది. పాదం వెనక భాగం కింద అంతే మందం మడిచిన గుడ్డ ముక్క పెడితే పాదం సమంగా ఉంటుంది. ఆ అంగుళంన్నర తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించండి.

ఇప్పుడు అసలైన మలుపు. తొడల దగ్గర పల్చబడిన జీన్సు, మోకాలి దగ్గర పోగులు తేలిన ఫ్యాంటు, వీటికి మాసిక కంటే మిషన్ రఫ్ఫు బాగుంటుంది. బాగు చేయడమూ బొమ్మ వేయడమూ ఇక్కడ ఒకటవుతాయి, ఎందుకంటే మిషన్ ఎంబ్రాయిడరీకి కూడా చెయ్యి ఇలాగే ఆడాలి. పాదం విప్పి తీసేయండి. కుట్టు సైజు సున్నాకి తెండి, కింది పళ్లు దించే ఏర్పాటు మీ మిషన్‌కి ఉంటే దించండి. పల్చబడిన చోట వెనక ఒక మెత్తని గుడ్డ పెట్టి, ఎంబ్రాయిడరీ రింగులో బిగించండి. చేతి ఎంబ్రాయిడరీకి బిగించినట్టు కాకుండా తిరగేసి, గుడ్డ మిషన్ బల్లకి ఆనుకుని ఉండేలా. పాదం లేకపోయినా పాదం దించే మీట మాత్రం కిందికి దించాలి. ఇది మర్చిపోతే పై దారానికి టెన్షన్ ఉండదు, కింద పీచుగూడు తయారవుతుంది. చక్రం ఒక్క చుట్టు తిప్పి కింది దారాన్ని పైకి లాగి, రెండు దారాలూ పట్టుకుని మొదలుపెట్టండి.

ఇక గుడ్డ నడవాలంటే మీ చేతులే నడపాలి. కాలు వేగంగా, చెయ్యి నెమ్మదిగా ఉంటే చిన్న కుట్లు. చెయ్యి వేగంగా లాగితే కుట్లు పొడుగవుతాయి, మరీ గుంజితే సూది వంగి ప్లేటుకి తగిలి విరుగుతుంది. వేళ్లు రింగు అంచు మీదే ఉండాలి, సూది దగ్గరికి రావొద్దు. పిల్లలు పక్కన ఉంటే ఈ పని పెట్టుకోకండి. పడుగు పోగుల దారిలో పైకీ కిందికీ దగ్గర దగ్గర గీతలు వేసి, చిరుగుకి అన్ని వైపులా అర అంగుళం మంచి గుడ్డలోకి పోనివ్వండి. తర్వాత అడ్డంగా పేక దారిలో పల్చగా వెయ్యండి. బాగా గట్టిగా ఉండాలని కిక్కిరిసి కుట్టారనుకోండి, ఆ చోటు అట్టలా బిరుసెక్కి, దాని అంచు వెంబడే మళ్లీ చిరుగుతుంది.

మొదటి రోజు గీతలు వంకరటింకరగా వస్తాయి, కంగారుపడకండి. పాత తువ్వాలు మీద మీ పేరు రాస్తూ సాధన చెయ్యండి. చెయ్యి కుదిరాక అదే పద్ధతితో మరక పడిన నైటీ మీద ఒక ఆకు, పిల్లవాడి నిక్కరు మోకాలి మాసిక మీద ఒక చేప, మీకు నచ్చింది వెయ్యండి. చిరుగు దాచడానికి వేసిన బొమ్మే ఆ బట్టకి అందం అవుతుంది.

టీషర్టులు, లెగ్గింగులు సాగే గుడ్డలు. తిన్న కుట్టు సాగదు కాబట్టి పుటుక్కున తెగిపోతుంది. మొన మొద్దుగా ఉండే బాల్ పాయింట్ సూది వేసి, కుట్టు చిన్నది చేసి, గుడ్డని కొంచెం సాగదీసి పట్టుకుని కుడితే కొంతకాలం ఆగుతుంది. ఇంతకంటే మీ మిషన్ నుంచి ఆశించకండి.

సొంతంగా చేసేవాటిలో మొదట సంచి కుట్టండి. పాత ఫ్యాంటు కాలు, లోపలికి పాత చీర లైనింగు. లైనింగు వేయడం, అడుగు మూలలకి అడ్డకుట్టు వేసి వెడల్పు తేవడం, కాడ మొదట్లో చతురస్రం కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేయడం, ఈ మూడూ ఒక్క సంచిలో వస్తాయి. బియ్యం, కూరగాయలు వేసి మోసి చూడండి, ఎక్కడ తెగుతుందో అదే చెప్తుంది.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే పావడా కుట్టండి. అడుగున రెండు మూడు టక్కులు వేసి కుట్టి, పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కోటి విప్పడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. అందులో సమానంగా గీత పట్టడం, కుచ్చులు సర్దడం, నడుం పట్టీ ఎక్కించడం ఉన్నాయి. పాటూరు, వెంకటగిరి, చీరాల నేత చీరలు పాతబడితే దీనికి ఎంతో బాగుంటాయి. పల్చటి నేత కాబట్టి 11 నంబరు సూది, సన్న దారం వాడండి. ఓవర్‌లాక్ (అంచు పోగుల్ని అల్లే మిషన్) లేదు కదా, పోగులు ఊడకుండా మడత కుట్టు వెయ్యండి. తిరగవైపులు లోపల ఒకదానికొకటి ఆనేలా, మంచివైపులు బయటికి ఉండేలా పెట్టి పావు అంగుళంలో ఒక కుట్టు వేసి, మిగిలిన గుడ్డ సగానికి కత్తిరించి, తిరగేసి మంచివైపులు లోపలికి వచ్చేట్టు మడిచి మళ్లీ పావు అంగుళంలో ఇంకో కుట్టు. పోగులన్నీ లోపల బందీ అయిపోతాయి. ఎన్ని ఉతుకులకైనా ఊడదు.

బొంత మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి, దానికి ఓపికా జాగా రెండూ కావాలి. మన అమ్మమ్మలు చేత్తోనే కుట్టేవాళ్లు, బెంగాల్ కాంథాలూ ఉత్తర కర్ణాటక కౌదులూ అలా పాత బట్టల పొరల మీద చేతి కుట్టుతో పుట్టినవే. మిషన్ మీద చెయ్యాలంటే మొదట పసిబిడ్డ బొంత సైజు చాలు. పెద్దది చేస్తే మిషన్ మెడ కింద చుట్ట పట్టదు. మెత్తబడిన కాటన్ చీరలు నాలుగు పొరలు, గంజి లేకుండా ఉతికినవి తీసుకోండి. సింథటిక్ ఒక్కటి కలిసినా జారుతూ ఉంటుంది. నేల మీద పరిచి, ముడతలు మధ్య నుంచి అంచులకి తోసి, మధ్యలోనుంచే మొదలుపెట్టి జానెడు దూరంలో కచ్చా కుట్లు వెయ్యండి. ఈ కచ్చా కుట్టు బద్ధకించి మానేస్తే మిషన్ పాదం పై పొరని ముందుకి తోస్తుంది, పళ్లు కింది పొరని వెనక్కి లాగుతాయి, చివరికి పై పొర మిగిలిపోయి మడతలు పడుతుంది. పాదం మీది ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు చెయ్యండి, కుట్టు కాస్త పొడుగు పెట్టండి. మొదటి గీత నడిమధ్యలో వేసి, అక్కడినుంచి ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి వెళ్లండి. గీతలన్నీ ఒకే దిక్కుగా కుట్టాలి. ఒకటి పైనుంచి కిందికి, పక్కది కిందినుంచి పైకి వేస్తే పొరలు ఎదురెదురుగా లాగి బొంత ఐమూలగా మెలితిరుగుతుంది. చివర్లో చుట్టూ చీర అంచుతోనే పట్టీ వెయ్యండి. మూలలు మీకు మాసికల దగ్గరే వచ్చేశాయి.

జిగ్‌జాగ్ మిషన్ ఇప్పుడే కొనొద్దని నా మాట. కాజాలు, సాగే గుడ్డలు, పీకో కావాలనుకుంటే అది కావాల్సిందే. కానీ టెన్షన్, సూది, దారం మీకు చేతికి రాకముందు కొంటే, కొత్త మిషన్ మీద వచ్చే ప్రతి చిక్కుకీ సర్వీసువాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఓ ఏడాది ఈ నల్ల మిషన్ మీద పని చెయ్యండి. నెలలో ఎన్ని పనులు జిగ్‌జాగ్ లేక పక్కన పెట్టాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ జాబితా పొడుగైతే అప్పుడు కొనండి, దాని ఖర్చు అదే రాబట్టుకుంటుంది. కొన్నాక కూడా ఈ నల్లదాన్ని అమ్మేయకండి. జీన్సుకీ బొంతకీ దాని బలం ఆ తేలిక మిషన్లకి ఉండదు, కరెంటు పోయినా ఆగదు.

బయటి బట్టలు తీసుకోవడానికి ఏడాది ఆగక్కర్లేదు. ఫాల్, నైటీ అడుగులు, ఫ్యాంటు పొట్టి చేయడం, పక్కలు వదులు చేయడం, ఇవి తిన్నగా రాగానే మొదలుపెట్టొచ్చు. కావలిలో ఏ పనికి ఎంత నడుస్తోందో రెండు మూడు షాపుల్లో కనుక్కుని అంతే తీసుకోండి. తెలిసినవాళ్లని తక్కువకి ఒప్పుకుంటే ఆ ధరే స్థిరపడిపోతుంది, రేపు పెంచడానికి మొహమాటం. బట్ట తీసుకునే ముందు వాళ్ల ఎదురుగానే వెలుతురుకి ఎత్తి పట్టి, అప్పటికే ఉన్న చిరుగులు, మరకలు చూపించి చీటీ మీద రాసి పిన్నీసుతో గుచ్చండి. పట్టుచీరలు మొదట్లో ఒప్పుకోవద్దు, పట్టులో ఒకసారి పడ్డ సూది రంధ్రం విప్పినా కనిపిస్తూనే ఉంటుంది. తప్పనిసరై తీసుకుంటే ఫాల్ రెండు వైపులా చేత్తోనే హెమ్మింగ్ చెయ్యండి, సన్న సూదితో, పైకి ఒక్క పోగే అందేలా.